చదువు అయ్యేదాకా సంగీతం ఆపక్కర్లేదు

'ముందు డిగ్రీ, ఉద్యోగం, ఆ తర్వాతే సంగీతం' అని మీరు ఒక వ్యాసంలో రాశారు, నేను అస్సలు ఒప్పుకోను. ఇంజనీరింగ్ చదువుతూనే వయొలిన్ నేర్చుకుంటున్నాను. హాస్టల్లో పక్కవాళ్లకి ఇబ్బంది కాకుండా వయొలిన్ తీగలు ఆనే బ్రిడ్జి మీద శబ్దం తగ్గించే రబ్బరు మ్యూట్ పెట్టి, ఇయర్‌ఫోన్‌లో తంబూరా శ్రుతి వింటూ మోహన రాగంలో సాధనకి నేర్పే వర్ణం మొదటి కాలంలో, వెంటనే రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో వాయిస్తా, వేగం పెరిగితేనే గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, ఎక్కడ జారిపోతోందో తెలుస్తుంది, ఇక ఆ ఒక్క చోటే పట్టుకుని కూర్చుంటా. రికార్డింగ్ అయితే ఫ్యాన్ కట్టేయాల్సిందే, లేకపోతే దాని హోరు తప్ప ఏమీ వినపడదు. సెమిస్టర్ పరీక్షలప్పుడు మొదట్లో నేర్పే సరళీ వరసలతో సరిపెడతా, చెయ్యి మాత్రం తప్పిపోనివ్వను. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 30 ఏళ్లు నిండకముందే అక్కడ వయొలిన్ ప్రొఫెసర్ అయ్యారు. ఆయన స్థాయి వేరు, నిజమే, కానీ వేళ్లు మాట వినే వయసంటూ ఒకటుంటుంది కదండీ, దాన్ని ఎందుకు వదులుకోమంటారు? మాకు పోటీలు, స్టేజీలు అక్కర్లేదు, సాయంత్రం క్లాసులయ్యాక ఖాళీగా పడుండే గదుల్లో ఒకటి సాధనకి తెరిచి ఉంచమని కాలేజీలకి చెప్పండి, చాలు.