గ్రేస్ కెల్లీకి ముందే ఆలిస్

యూరప్‌లోని చిన్న దేశం మొనాకోకి రాణి అయిన అమెరికా అమ్మాయి ఎవరంటే అందరూ హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీ పేరే చెప్తారు. ఆ పెళ్లి 1956లో జరిగింది. అంతకు 67 ఏళ్ల ముందే న్యూ ఓర్లీన్స్‌లో పుట్టిన ఆలిస్ హైనే ఆ కోటలో అడుగుపెట్టింది.

డబ్బున్న అమెరికా అమ్మాయిలు యూరప్ రాచకుటుంబాల్లో కోడళ్లయ్యే ఇలాంటి పెళ్లిళ్ల గురించి ఒకటే మాట వినిపిస్తుంది: డాలర్లు పోసి కిరీటం కొనుక్కున్నారని. కట్నం లెక్కలు వింటూ పెరిగిన మనకి అది ఇట్టే నమ్మబుద్ధేస్తుంది. ఆలిస్ విషయంలో మాత్రం ఆ లెక్క కుదరదు. తండ్రి బ్యాంకరు, డబ్బుకు కొదవ లేదు. కానీ బిరుదు కూడా ఆమెకి అప్పటికే ఉంది. 17 ఏళ్లకే ఫ్రాన్స్ ప్రభువు రిషెల్యూ డ్యూక్‌ని పెళ్లాడింది. 1880లో ఆయన పోయేనాటికి ఆమె వయసు 22, ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత మనసు మొనాకో యువరాజు ఆల్బర్ట్ మీదికి మళ్లింది. అతని తండ్రి మూడో చార్లెస్ ఈ సంబంధానికి ఒప్పుకోలేదు. 1889 సెప్టెంబరు 10న ఆయన కన్నుమూస్తే, అక్టోబరు 30న పెళ్లైపోయింది. ఏటిసూతకం పట్టింపున్న మనవాళ్లయితే ముక్కున వేలేసుకునేవాళ్లు.

అప్పట్లో మొనాకోలోని మోంటే కార్లో అంటే కాసినో, జూదం. ఆ కాసినోని ఆనుకునే ఉన్న ఒపెరా థియేటర్‌ని ఆలిస్ తన భుజాన వేసుకుంది. 1892లో రౌల్ గున్స్‌బర్గ్ డైరెక్టర్‌గా వచ్చాడు. అంతవరకు కచేరీల్లో పాడుకునే, ఫ్రెంచ్ సంగీతకారుడు బెర్లియోజ్ రాసిన ఫౌస్ట్ కథ మరుసటి ఏడాదే అక్కడ వేషాలతో స్టేజీ ఎక్కింది. ఆమె అసలు సంపాదన ఇదే అంటాను.

ఆల్బర్ట్‌కి సముద్ర పరిశోధన పిచ్చి. ఓడకి 'ప్రిన్సెస్ ఆలిస్' అని పేరు పెట్టుకున్నాడు, 1898లో కట్టించిన దానికీ అదే పేరు. ఓడ మీద భార్య పేరు, భార్యేమో ఒడ్డున! ఆమె స్నేహాలు సంగీతకారులతో. ఓసారి థియేటర్‌లో అందరూ చూస్తుండగా అతను ఆమె చెంప పగలగొట్టాడని చెప్పుకుంటారు. 1902లో విడిపోయారు, విడాకులు మాత్రం తీసుకోలేదు. 1911 నాటి కొత్త ఓడకి అతను తన పాత పడవ పేరే, 'హిరొండెల్' అని, మళ్లీ పెట్టుకున్నాడు.

కానీ 1896లో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర మొదటి 'ప్రిన్సెస్ ఆలిస్' ఓడ కనిపెట్టిన సముద్రగర్భ గట్టుని ఇప్పటికీ ప్రిన్సెస్ ఆలిస్ బ్యాంక్ అనే పిలుస్తారు. బ్యాంకరు కూతురి పేరున్న ఈ బ్యాంకులో డబ్బులుండవు. చేపలుంటాయి, వాటిని చూడ్డానికి డైవర్లు దిగుతుంటారు.