తిమింగలం రెక్కలో ఉన్నది మనిషి చెయ్యి కాదు

మనిషి చెయ్యి, తిమింగలం రెక్క, గబ్బిలం రెక్క, గుర్రం ముందుకాలు పక్కపక్కన పెట్టి "అన్నిట్లోనూ అవే 27 ఎముకలు, సైజు ఒక్కటే తేడా, అంటే మనం తిమింగలం నుంచి వచ్చాం" అని రాసిన బొమ్మ ఒకటి తెగ తిరుగుతోంది. బొమ్మ బాగుంది, మాటలే తప్పు.

ముందు ఆ 27 సంగతి. అది మనిషి లెక్క: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. పైలట్ తిమింగలం అనే రకానికి ఒక్క చూపుడు వేలిలోనే పదికి పైగా ఎముకలుంటాయి, నీలి తిమింగలానికైతే వేళ్ళే నాలుగు. పోలిక ఉన్నది లెక్కలో కాదు, వరసలో. భుజం నుంచి ఒక ఎముక, మోచేయి దాటాక రెండు, ఆపైన మణికట్టులో చిన్నచిన్నవి, తర్వాత అరచెయ్యి, వేళ్ళు. 1849లోనే ఇంగ్లీషు శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ ఈ వరస గురించి వివరంగా రాశాడు, అది ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన వారసత్వమని 1859లో డార్విన్ చెప్పాడు.

"సైజు ఒక్కటే తేడా" అన్నవాళ్ళు గుర్రం కాలిని సరిగ్గా చూడలేదు. ముందుకాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు, దాని కింది పొడవాటి ఎముక మన అరచేతిలో నడిమి వేలికి మొదట్లో ఉండే ఎముకే, గిట్ట ఆ వేలి గోరు. ఒక్కో కాలికి ఒక్క వేలి కొస మీద అంత జంతువు పరిగెడుతోందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే! ఆ ఎముకకి అటూ ఇటూ పుల్లల్లాంటి సన్నటి ఎముకలు రెండుంటాయి, పోయిన వేళ్ళ తాలూకు మిగుళ్ళు అవి. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందటి తొలి గుర్రాలకి ముందుకాళ్ళకి నాలుగేసి వేళ్ళుండేవని శిలాజాలు చూపిస్తున్నాయి. ఎముకలు అచ్చం ఒకేలా ఉండుంటే ఈ కథంతా మనకి తెలిసేదే కాదు, తేడాలే అసలు సాక్ష్యం.

గబ్బిలానిదీ అంతే, నాలుగు వేళ్ళు విపరీతంగా సాగి వాటి మధ్య చర్మం పరుచుకుంది, బొటనవేలు మాత్రం గోరుతో విడిగా ఉండిపోయింది.

ఇక తిమింగలం నుంచి మనం రాలేదు. దాని పూర్వీకులే నేల మీద నాలుగు కాళ్ళతో నడిచి తర్వాత నీళ్ళలోకి వెళ్ళాయి. మనకీ వాటికీ ఈ వరస అంతకంటే చాలా పాత జంతువుల నుంచి వచ్చింది. ఆ కాలంలో అయిదు వేళ్ళన్న లెక్క కూడా ఖాయం కాలేదు, సుమారు 36 కోట్ల ఏళ్ళ కిందటి అకాంథోస్టెగా అనే తొలి నాలుగుకాళ్ళ జంతువుకి ముందుకాలికి ఎనిమిది ఉండేవి.

మరి పాండాకి ఆరు వేళ్ళున్నాయిగా అని కొందరు ఎదురడుగుతున్నారు. వెదురు పట్టుకునే ఆ "ఆరో వేలు" పెద్దదైన మణికట్టు ఎముక, కీళ్ళు లేని ఒకే ముక్క. అసలు వేళ్ళు అయిదూ దాని పక్కనే ఉంటాయి, లెక్కపెట్టుకోండి.