మహారాజశ్రీ పావంగుళం గారికి

మహారాజశ్రీ పావంగుళం గారి సముఖమునకు,

ఒక అతుకుల బొంత కుట్టబోయి తమరి చేతిలో పదిన్నర అంగుళాలు పోగొట్టుకున్న మనిషి రాసుకుంటున్న ఉత్తరం ఇది. పదిన్నర అంటే వెడల్పులో పోయింది మాత్రమే. పొడవులో పోయిన పన్నెండూ వేరే పద్దు.

తమరికి నేను గుర్తుండకపోవచ్చు. ముక్కను ముక్కతో అతికినప్పుడల్లా ప్రతి అంచునా పావంగుళం గుడ్డగా కుట్టు వెనకాల ముడుచుకుని పడుకునేవారికి పైన ఎవరు ఏడుస్తున్నారో ఏం తెలుస్తుంది? అందుకే జరిగింది మొదటి నుంచీ చెబుతాను. తమరికి తీరికే కదా, ఎలాగూ కుట్టులోంచి బయటికి రారు.

బ్లాకులంటే చిన్న ముక్కలు అతికి చేసే పెద్ద చదరాలు, వాటిని కలిపితేనే బొంత. మంచానికి అవి ఎన్ని కావాలో లెక్క వేయడం నాకు రాక కాదు. పరుపు కొలిచాను. 60 అంగుళాల వెడల్పు, 80 పొడవు. దాని పేరు క్వీన్. ఆ పేరును నమ్మి గుడ్డ కొయ్యకూడదని కూడా తెలుసు, ఎందుకంటే ఒకచోట క్వీన్ పొడవు 80 అయితే ఇంకోచోట 78. కింగు గారిది మరీ విడ్డూరం, 76 వెడల్పున్న కింగూ ఉన్నాడు, 72తో సరిపెట్టుకున్న కింగూ ఉన్నాడు. బిరుదులు పక్కన పెట్టి టేపు పెట్టాను. పరుపు మందం 10 అంగుళాలు, అది కనబడకుండా ఉండాలంటే అటూ ఇటూ 12 చొప్పున, కాళ్ళవైపు ఇంకో 12 వేలాడాలి. తలవైపు ఏమీ అక్కర్లేదు, దిండ్లు బొంత పైనే కూర్చుంటాయి. అంటే 84 వెడల్పు, 92 పొడవు.

బ్లాకు 12 అంగుళాలది అనుకున్నాను. 84ని 12తో భాగిస్తే 7, శేషం సున్నా. ఆ సున్నాను చూసి నేను పడ్డ సంబరం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. 92ని భాగిస్తే ఏడూ చిల్లర వచ్చింది, చిల్లరను పైకి లాగి ఎనిమిది చేశాను. ఏడెనిమిదులు యాభై ఆరు. 56 బ్లాకులు. ఒక్కో బ్లాకులో తొమ్మిది గళ్ళు, వరసకు మూడు. 12ని మూడుతో భాగిస్తే 4. నాలుగంగుళాల చదరాలు, మొత్తం 504.

ఐదు వందల నాలుగు ముక్కలు కోశానండీ. చూపుడువేలు కత్తెర పట్టీ పట్టీ కాయ కాచింది. అంతసేపూ తమరు ఆ గదిలోనే ఉన్నారు. ఒక్కసారైనా దగ్గొచ్చు కదా?

మొదటి బ్లాకు కుట్టి, ఇస్త్రీ చేసి, టేపు పెట్టాను. 11 వచ్చింది. టేపు తిరగేసి మళ్ళీ కొలిచాను. మళ్ళీ 11. లోపల రెండు అతుకులు, అతుక్కి ఇటు పావు అటు పావు, వెరసి ఒక అంగుళం తమరు తినేశారు. సరే, పెద్దమనిషి ఆకలి అనుకున్నాను. ఏడు పదకొండ్లు డెబ్బై ఏడు, పక్కల్లో మూడున్నర చొప్పున తగ్గుతుంది, సర్దుకుందాం అనుకుని మిగతా 55 కూడా అలాగే కుట్టేశాను. బ్లాకును బ్లాకుతో కలిపేటప్పుడు తమరు రెండోసారి భోజనానికి కూర్చుంటారని ఎవరికి తెలుసు? అన్నీ కలిపాక బ్లాకు పదిన్నరకు దిగింది. మొత్తం వెడల్పు 74, చివర అంచు పట్టీ కుట్టేటప్పుడు ఆ మిగిలిన అరంగుళమూ పోతుంది గనక 73.5. పొడవు 84. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆయన చేతికి టేపు ఇచ్చినా లాభం లేదు.

ఆ రోజే మా పెద్దమ్మ వచ్చింది. మంచం మీద పరిచిన పైపొరను చూసి, కళ్ళజోడు సర్దుకుని, చేత్తో నిమిరి అంది:

"బాగుందే. ఏ మంచానికి?"

"ఈ మంచానికే పెద్దమ్మా."

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నువ్వు భాగించింది కుట్టకముందు కొలతతోనా, కుట్టాక కొలతతోనా?"

మహారాజా, ఆ ప్రశ్న నాకు ముందే ఎవరైనా వేసి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. పెద్దమ్మ పద్ధతి ఇదీ. మంచం మీద పాత దుప్పటి ఒకటి పరిచి, బొంత ఎక్కడిదాకా వేలాడాలో అక్కడ గుండుసూదులు గుచ్చి, సూది నుంచి సూదికి కొలవాలి. ఆ కొలతను కుట్టు పూర్తయ్యాక బ్లాకు ఎంత కనబడుతుందో దానితో భాగించాలి. 12 కనబడాలంటే విడి బ్లాకు పన్నెండున్నర ఉండాలి, అందులో గడి నాలుగు కనబడాలంటే నాలుగున్నర కొయ్యాలి. కాగితానికి ఒక లెక్క, కత్తెరకు ఇంకో లెక్క అన్నమాట. ఇంత చిన్న సంగతి. గుడ్డకు కూడా తోలుమందం ఉంటుందని మర్చిపోయి లెక్కలు వేసినదాన్ని నేనే.

ఇక తమరి వసూళ్ళ సంగతి. నాలుగున్నర చదరం కోస్తే నాలుగు చదరం కనబడుతుంది, అంటే గుడ్డలో 21 శాతం తమరికి. పోనీ అనుకుందాం. రెండున్నర కోసి రెండు చూపిస్తే 36 శాతం. ఒకటిన్నర కోసి అంగుళం గడి చూపించాలని సరదాపడితే సగానికి పైగా, 56 శాతం, లోపలికి పోతుంది. పెద్ద ముక్కలవాళ్ళ దగ్గర తక్కువ, చిన్న ముక్కలు ఓపిగ్గా కుట్టుకునేవాళ్ళ దగ్గర ఎక్కువ! ఇది ఏ న్యాయమో తమరే సెలవివ్వాలి. బొంత వెనక్కి తిప్పితే కనబడేదంతా తమరి ఆస్తే.

తమరిని తీసేద్దామంటే కుదరదు, అదీ నా బాధ. ఇంకా సన్నగా కుడితే మొదటి ఉతుకుకే పోగులూడి అతుకు నోరు తెరుస్తుంది. లావుగా కుడితే నాలుగు మూలలు కలిసేచోట గుడ్డ గుట్టగా లేచి సూది విరుగుతుంది. పోనీ సరిగ్గా తమరిని తమరిలాగే కుడదామా అంటే అప్పుడూ మోసమే. గుడ్డ మడత తిరిగేచోట దారం మందమంత మళ్ళీ పోతుంది, కాబట్టి పావుకి ఒక పోగు తక్కువగా కుట్టాలట. పావంగుళం అని పిలిపించుకుంటూ పావంగుళం కూడా కాని పెద్దమనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

నమ్మకం కుదరక పరీక్ష పెట్టాను. ఒకటిన్నర వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలిచాను. కచ్చితంగా అంగుళం రావాలి. నాకు రాలేదు. ముప్పావు దాటి ఎక్కడో వేలాడుతోంది, అంగుళానికి అరపావు తక్కువ. సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం అంచునే పావంగుళం అనుకుని అన్నాళ్ళూ కుట్టానన్నమాట! అది వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, ఎక్కువ. వీసమే కదా అని తీసెయ్యకండి. వరసలో 21 గళ్ళుంటే 20 అతుకులు, అతుక్కి రెండు వైపులా వీసం చొప్పున అరపావు, వెరసి రెండున్నర అంగుళాలు మాయం. నాలుగు గళ్ళ వెడల్పులో తేడా కంటికి కనబడదు. ఇరవై దాటాక చెయ్యంత అవుతుంది. పరీక్ష బొంతకు ముందు చేసి ఉంటే బాగుండేది, అయ్యాక చేశాను. అదృష్టం బాగుండి బ్లాకులు కుట్టినప్పుడు వేరే పాదం వాడాను కాబట్టి ఆ రెండున్నరా బతికింది.

తమరిని తప్పించుకోడానికి ఒక అడ్డదారి కూడా చూశాను. బ్లాకును మూల మీద నిలబెడితే 12 అంగుళాలది అడ్డంగా 17 వస్తుంది. 5 అడ్డం, 6 నిలువు పెడితే 30, వాటి సందుల్లో నాలుగైదులు 20, మొత్తం 50 బ్లాకులకే 85 వెడల్పు, 102 పొడవు! ఆరు బ్లాకులు మిగిలాయని చేతులు నలుపుకుంటుంటే, అంచుల్లో 18 ముక్కోణాలు, మూలల్లో నాలుగు కావాలని తేలింది. వాటి బయటి అంచు క్రాస్‌లో, అంటే గుడ్డ పోగులకు ఏటవాలుగా, పడితే సాగి బొంత అలలు తిరుగుతుంది, అందుకని పెద్ద చదరాన్ని రెండు మూలల నుంచీ నాలుగుగా కొయ్యాలి. ఆ పెద్ద చదరం ఎంతయ్యా అంటే పదిహేడు కాదు, పద్దెనిమిదుంబావు. చివర ఆ పావును చూడగానే కాగితం మడిచి పెట్టేశాను. ముక్కోణాల్లో కూడా తమరే కూర్చున్నారు.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలన్నారు, నిజమే. కానీ ఆ పెద్దలు దుప్పటి కొనుక్కున్నారు, కుట్టుకోలేదు. రెండువారాలు వంగి వంగి కుట్టిన బొంత కింద మా వారు ఒక్కసారి పక్కకు తిరిగితే రెండోవైపు నా భుజం బయటపడుతోంది. పైగా బొంత లోపల వేసే దూది పొర నూలుది. ఉతికితే నూటికి మూడు నుంచి ఐదు వంతులు ముడుచుకుంటుంది. 84 అంగుళాలకు రెండున్నర నుంచి నాలుగు వరకూ పోతుందన్నమాట. అది తమరి ఖాతాలో వెయ్యను, అన్యాయం నాకు చేతకాదు.

కాబట్టి చివరికి దారి చూసుకున్నాను. చుట్టూ ఐదుంబావు అంగుళాల అంచు కలిపితే వెడల్పు సరిగ్గా 84కు వస్తుంది, పొడవు 94.5. ఉతుకులో పోయేదానికి కొంచెం మిగులు కూడా. ఈసారి బుద్ధిగా ఐదుంబావు కొయ్యలేదు, ఐదు ముప్పావు కోశాను. తమరి అరంగుళం ముందే తీసి పక్కన పెట్టి, వడ్డించిన విస్తరిలా అందిస్తున్నాను. పుచ్చుకోండి, కుట్టు లోపల హాయిగా పడుకోండి. నాలుగు పట్టీలూ కోసి, మడిచి, మిషను పక్కన పెట్టాను. రేపు పొద్దున్నే కుడతాను.

ఇట్లు,
తమరికి 504 ముక్కల మీద కప్పం కట్టిన బాధితురాలు

తా.క.: పెద్దమ్మ ఇప్పుడే ఫోను చేసింది. పక్క అంచులు కుట్టాక పైనా కిందా వేసే పట్టీల పొడవు ఎంత కోశావే అని అడిగింది. 84 కోశానన్నాను. అవతలి వైపు మాట వినబడలేదు. కాసేపటికి మెల్లిగా అడిగింది, "కుట్టాక 84 కావాలన్నావా, కోసింది 84 అన్నావా?"