ప్రాసెసర్ వారికి జలాభిషేకం

మదర్‌బోర్డు ఇంకా ఎంచుకోలేదు. గ్రాఫిక్స్ కార్డు సంగతి నాన్న జీతం పడ్డాక చూద్దామన్నారు. పవర్ సప్లై ఎన్ని వాట్లదో ఇంట్లో ఎవరికీ తెలీదు. ప్రాసెసర్‌నీ కార్డునీ చల్లబరచడానికి గొట్టాల్లో పారే నీళ్ళ రంగు మాత్రం ఖరారైపోయింది: ఊదా. తిరుపతి కొర్లగుంటలో ఉండే మా మేనల్లుడు తన మొట్టమొదటి గేమింగ్ కంప్యూటర్ కోసం ప్రాజెక్టు రిపోర్టు రాసుకొచ్చి నా ముందు పెట్టాడు. మొదటి పేజీ నిండా కూలెంట్, అంటే ఆ రంగు నీళ్ళే. రెండో పేజీలో ఆ కూలెంట్‌కి మ్యాచింగ్ ఫ్యాన్లు. ప్రాసెసర్ పేరు పెళ్ళి పత్రికలో బంధుమిత్రుల్లాగా అట్టడుగున ఉంది: రైజన్ 5 5600.

ఈ మహానుభావుడికి తయారీదారు రాసిన వేడి లెక్క 65 వాట్లు. మన ఇళ్ళల్లో తిరిగే పాతకాలం సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. దానికి వాటర్ కూలింగ్ పెట్టించాలని తిరుపతిలో ఇంతవరకూ ఒక్కరికీ తట్టలేదు. చూశారా, ఎంత వెనకబడిపోయామో! పైగా 5600 కొంటే పెట్టెలోనే ఒక కూలర్ ఊరికే వస్తుంది. దాన్నేం చేస్తావురా అంటే, "దానికి లుక్ లేదు మామా" అన్నాడు. లుక్కు కోసం నీళ్ళ వేడిని గాలికి వదిలే మూడు ఫ్యాన్ల 360 రేడియేటరు, ఆ నీళ్ళను తిప్పే డీ5 పంపు, వాటిని నిలవుంచే గాజు గొట్టంలాంటి రిజర్వాయరు, వంచితే విరిగే అక్రిలిక్ ట్యూబులు.

ఇంకా ఘనకార్యం ఉంది. కార్డు ఏదో తేలకముందే, కార్డు మీద బిగించి దాని వేడిని నీళ్ళకు అందించే వాటర్ బ్లాక్ కార్టులో పడిపోయింది. ఆ బ్లాకును ఒక్కో మోడల్ కార్డు కొలతలకు విడిగా చేస్తారు. ఒకదానిది ఇంకొకదానికి కూర్చోదు. రేపు కార్డు మారితే ఆ రాగి దిమ్మెను అలమరాలో పెట్టుకుని అక్షింతలు వేసుకోవాలి. ఇక గొట్టాలు బిగించే ఫిట్టింగులు. మర కొలత అన్నింటికీ ఒకటే, జి1/4. కానీ 14 మిల్లీమీటర్ల గొట్టానికి 16 ఫిట్టింగు తెచ్చుకుంటే పట్టదు. వంపు తిరిగిన ఫిట్టింగులకు ఇంకొంచెం రేటు. పిల్లాడి రిపోర్టులో ఫిట్టింగుల ఖర్చు ప్రాసెసర్ ఖరీదును పలకరిస్తోంది.

నీళ్ళు నింపే ముహూర్తం ఎలా ఉంటుందో తెలియని వాళ్ళకోసం చెప్తా. పోయిన వేసవిలో మా మేనల్లుడి వీధిలోనే ఇంకో ఇంట్లో చూశాను. శుక్రవారం పొద్దున. క్యాబినెట్టు అద్దానికి పసుపు కుంకుమ, దాని ముందు నిమ్మకాయ, కొబ్బరికాయ. మిగతా పార్టులకు కరెంటు రాకుండా పంపు ఒక్కటే తిరగాలి కాబట్టి, పవర్ సప్లై 24 పిన్నుల ప్లగ్గులో కుర్రాడు శ్రద్ధగా పిన్నీసు దూర్చాడు. లీకైతే తెలియడానికి తాత పాత పంచె కింద పరిచారు. అప్పుడు మొదలైంది చర్చ. "ఇంట్లో ఆర్వో నీళ్ళు ఉండాయి కదా, అవి పొయ్యి" అని చిన్నాన్న. కల్యాణి డ్యాం నీళ్ళయితే తియ్యగా ఉంటాయని పెద్దనాన్న, ప్రాసెసర్‌కి నాలుక ఉన్నట్టు. అమ్మ అందరికంటే ఒక మెట్టు పైన: కొండ మీద నుంచి తెచ్చిన తీర్థం ఒక ఉద్ధరిణెడు వేస్తే తప్పేముంది? ఏ దోషమూ తగలదు కదా! అందులో పచ్చకర్పూరం ఉంటుంది, బ్లాకులో వెంట్రుకంత సందులు పూడుకుపోతాయని కుర్రాడు చెప్పబోతే, దేవుడి తీర్థానికి వంకలా అని నోరు మూయించింది. చివరికి పంపు గుడగుడమంది. ఊదా నీళ్ళు గొట్టాల్లో గిర్రున తిరిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మూల మంచం మీద విసనకర్రతో కూర్చున్న అవ్వ మాత్రం అడిగింది: "ఏమి నాయనా, దానికి జొరమా? ఇన్ని ఫ్యాన్లు పెట్టిండారు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. పంచె మీద ఊదా మరక కనబడి అందరూ అటు పరిగెత్తారు.

అవ్వ అడిగిన దానికి జవాబు నేను చెప్తా. ఆ నీళ్ళు వేడిని మాయం చెయ్యవు. చిప్పు మీద నుంచి మోసుకెళ్ళి రేడియేటరులో దించుతాయి, ఫ్యాన్లు దాన్ని ఊదేది గదిలోకే. గది గాలికంటే ఆ నీళ్ళు ఒక్క డిగ్రీ కూడా చల్లబడవు. మే నెలలో తిరుపతిలో ఎండ 40 దాటుతుంది, మధ్యాహ్నానికి మిద్దె స్లాబు కాలే పెనం. ఏసీ గదిలో కూర్చుని వీడియో తీసినవాడు "చూడండి, ఎంత చల్లగా ఉందో" అంటే, వాడి గది చల్లగా ఉందని అర్థం. కార్డూ ప్రాసెసరూ కలిసి 300 వాట్లు తాగితే ఆ 300 వాట్లూ అవ్వ పడుకునే గదిలోనే కక్కుతాయి. ఆమె దగ్గర ఉన్నది ఒక టేబుల్ ఫ్యాను, కరెంటు పోతే విసనకర్ర. ఏసీ కొనడానికి డబ్బుల్లేవని మూడు వేసవుల నుంచీ చెప్పే ఇంట్లో ఊదా నీళ్ళకు డబ్బులెక్కడివి? సిగ్గుండక్కర్లేదా మనకి?

ఈ సరుకు అమ్మేవాళ్ళ సంగతి వేరే. రాగి బ్లాకూ అల్యూమినియం రేడియేటరూ ఒకే నీళ్ళలో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. చవక రేడియేటరు మీద ఏ లోహమో రాసి ఉండదు, అడిగితే "ప్రీమియం క్వాలిటీ సార్" అంటారు. ప్రీమియం అనే లోహం ఏ పట్టికలో ఉందో చెప్పండయ్యా! కారిపోయి బోర్డు కాలితే, "నీళ్ళ నష్టానికి వారంటీ వర్తించదు" అన్న ముక్క మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ముందే అచ్చేసుకుంటారు. మొదటిసారి కంప్యూటర్ కట్టుకునే పిల్లాడి దగ్గర డబ్బులు లాగి, ప్రమాదం మొత్తం వాడి నెత్తిన పెట్టడం వ్యాపారమా, దోపిడీనా?

మా వాడు వినడు. కనీసం ఇంత రాసిచ్చాను: రేడియేటరు రాగిదేనని బిల్లు మీద రాయించుకో. బోరు నీళ్ళు, ఆర్వో నీళ్ళు వద్దు. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, తుప్పూ పాచీ పట్టకుండా వేసే మందు కలుపు. పంపు ఎండిపోకుండా రిజర్వాయరు దానికంటే పైన ఉండాలి. ఒక రోజంతా పంపు ఒక్కటే తిప్పి, పంచె తడవలేదని చూశాకే మిగతా వాటికి కరెంటియ్యి. చదివి తలూపాడు. "సరే మామా, మరి పంచె కూడా ఊదాదే తేనా?"