క్లబ్‌హౌస్‌లో ఆకురాలు కాలం

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మామూలుగా మూడే విషయాలు నడుస్తాయి. నీళ్ల ట్యాంకర్, పార్కింగు, ఎవరి కుక్క ఎక్కడ ఏం చేసింది. 2025 దసరా ముందు నాలుగోది వచ్చింది. "కోజీ ఆటమ్ కాక్‌టెయిల్ ఈవెనింగ్. శనివారం రాత్రి ఏడింటికి, క్లబ్‌హౌస్‌లో. డ్రెస్ కోడ్: రస్ట్, మస్టర్డ్, బ్రౌన్. శాలువా తెచ్చుకోగలరు."

శాలువా దగ్గర ఆగిపోయాను. నాకు తెలిసి శాలువాకు ఒకటే పని. రవీంద్రభారతిలో మనిషిని స్టేజీ ఎక్కించి, కప్పి, ఫొటో తీసి, దించేస్తారు. హైదరాబాదులో అక్టోబరు మొదటివారం శాలువా కప్పుకుని కూర్చున్నవాణ్ణి చూస్తే చలేస్తోందా అని అడగం, డెంగీ టెస్టు చేయించావా అని అడుగుతాం. కొద్దిరోజుల కిందటే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. పండక్కి ఊరెళ్దామని సంచులు సర్దుకున్న జనం ఆ నీళ్లల్లో చిక్కుకున్నారు. ఆ బురద పూర్తిగా ఆరకముందే మా సెక్రటరీ గారికి ఆటమ్ వచ్చేసింది.

కోజీ అంటే వెచ్చవెచ్చగా హాయిగా ఉండటం. ఆ మాటకు తెలుగేమిటని రెండు రోజులు ఆలోచించాను. దొరకలేదు. మన భాషలో హాయంతా చల్లదనంలోనే ఉంది. దీవిస్తే చల్లగా ఉండమంటాం. మంచివాణ్ణి నీ కడుపు చల్లగా అంటాం. వేడంతా తిట్లకే పోయింది: కడుపుమంట, ఒళ్లుమంట, ఉడుకుమోతుతనం. వెచ్చగా ఉండమని దీవించే జాతి కాదు మనది. అయినా క్లబ్‌హౌస్ తీర్మానం ముందు భాష ఎంత.

ఇక ఆటమ్. శరదృతువు అని అనువదిస్తాం, పక్కనే ఆకురాలు కాలం అనీ రాసేస్తాం. రెండింటికీ పొత్తు లేదు. మన శరత్తు ఆశ్వయుజ, కార్తీక మాసాలు. వాన వెలిసి, ఆకాశం కడిగినట్టయి, వెన్నెల కాసే కాలం. తంగేడు, గునుగు పూసేది అప్పుడే, బతుకమ్మ పేర్చేది వాటితోనే. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అక్టోబరులో మన చెట్లు వానలు తాగి ముదురాకుపచ్చగా ఉంటాయి. వాటికి డ్రెస్ కోడ్ అందలేదు.

చెట్లు రాల్చకపోతే అసోసియేషన్ ఊరుకుంటుందా? బేగంబజార్ నుంచి మూడు సంచుల ప్లాస్టిక్ మేపుల్ ఆకులు దిగాయి. ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి. మా గేటు పక్కన బాదంచెట్టు ఉండేది. కార్ల కవర్లు కుట్టే పెద్దాయన దాని నీడలోనే మిషన్ పెట్టుకునేవాడు. బాదం ఆకు రాలేముందు పండి ఎర్రబడుతుంది. రాగిరంగు, ఇటుకరంగు, మధ్యమధ్య పసుపు. అచ్చం వీళ్లు చెప్పిన రస్టూ మస్టర్డే. "కార్ల మీద ఆకులు పడుతున్నాయి, ఎవరైనా చూడగలరు" అని గ్రూపులో పదిహేను మెసేజ్‌లు వచ్చాక ఫిబ్రవరిలో దాన్ని మొదలంటా కొట్టించారు. 2002 నాటి వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి అని నేను గుర్తుచేస్తే, "కొట్టలేదు సార్, ప్రూనింగ్" అన్నారు. భూమి దాకా ప్రూనింగ్! ఇప్పుడక్కడ ఎలక్ట్రిక్ కార్ చార్జర్ ఉంది, పచ్చరంగు వేశారు.

ఆ ఏడాది దసరా, గాంధీ జయంతి ఒకేరోజు, అక్టోబరు 2న పడ్డాయి. వైన్స్ బంద్, మటన్ దుకాణాలు బంద్. ముందురోజే ఫుల్లులు కొని బీరువాలో చీరల వెనక దాచుకున్న నగరం ఇది. మా క్లబ్‌హౌస్ వాళ్లు మాత్రం నాలుగో తేదీ దాకా సంస్కారంగా ఆగారు. మందు పోసే ఫంక్షన్‌కి ఎక్సైజ్ వాళ్ల ఈవెంట్ పర్మిట్ ఉండాలి కదా అని ఎవరో అడిగితే, "ఇది పార్టీ కాదు, వర్క్‌షాప్" అని జవాబొచ్చింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గరికి ఆటోలో ఒక పెద్ద గుమ్మడికాయ వచ్చింది. నారింజరంగుది, కళ్లూ కోరలూ చెక్కి ఉన్నది. అందులో పంచ్ పోసి గరిటెతో వడ్డించాలని ప్లాను. ఈ సంగతి వాచ్‌మన్‌కి ఎవరూ చెప్పలేదు. అతని వైపు నుంచి ఆలోచించండి. దసరా వెళ్లి రెండు రోజులే అయింది. ఎదురుగా గుమ్మడికాయ. దానికి రాక్షసి మొహం. అనుమానపడటానికి ఏముంది? కుంకుమ అద్దాడు, కర్పూరం వెలిగించాడు, సెక్రటరీ గారి కొత్త కారు చుట్టూ మూడుసార్లు తిప్పి, గేటు ముందు ఒక్క ఏటుకి పగలగొట్టాడు. ముక్కల మధ్య రూపాయి బిళ్ల కూడా వేశాడు, సొంత డబ్బు. "బూడిద గుమ్మడికాయ దొరకలేదేమో, ఇది పంపిండ్రనుకున్న సార్" అన్నాడు నాతో. పంచ్ గిన్నె కోసం కిందికి దిగిన మిక్సాలజిస్టు, అంటే కాక్‌టెయిల్స్ కలిపే కుర్రాడు, ఆ ముక్కల్నీ, కుంకుమనీ చూసి చెప్పులు విడిచాడు. ఆ ఒక్క పనితో నాకు నచ్చాడు.

ఏడింటికి ఏసీ పదహారులో పెట్టి తలుపులు బిగించారు. పంప్‌కిన్ స్పైస్ అనే పొడి వేసిన గ్లాసులు వచ్చాయి. పేరులో గుమ్మడికాయ ఉన్నా పొడిలో ఉండదు. అమెరికాలో గుమ్మడికాయ తీపి వంటకంలో వేసే మసాలా అది: దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి. 2003లో స్టార్‌బక్స్ దాన్ని కాఫీలోకి ఎక్కించాక ఆటమ్ అంటే అదే వాసనయింది. మనకు ఆ వాసనకు వేరే పేరుంది, బిర్యానీ హండీ మూత తీసినప్పుడు వచ్చేది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే నా చెయ్యి మిర్చీ కా సాలన్ కోసం వెతికింది. పైన అనాసపువ్వు తేలుతోంది. మా ఆవిడ దాన్ని తీసి టిష్యూలో చుట్టి పర్సులో వేసుకుంది.

తర్వాత రోజ్‌మేరీ రెమ్మ కాల్చి గ్లాసుల మీద పొగ పట్టించే కార్యక్రమం. నలభై గ్లాసులు, మూసిన గది. మూలన కూర్చున్న ఒక బామ్మగారు తల తిప్పి, "ఎవరింట్లో పసిబిడ్డమ్మా? నీళ్లు పోశారా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ లిఫ్టుకూ లైట్లకే, ఏసీకి లేదు. బయట ముప్పై డిగ్రీలు, లోపల నలభైమంది, భుజాల మీద ఉన్ని, చేతుల్లో కాచిన వైను. ప్లాస్టిక్ ఆకులు చెమటకు మోచేతులకు అతుక్కున్నాయి. రిటైర్డ్ ఇంజినీర్ ఒకాయన కళ్లద్దాలు ఆవిరి పట్టి, శాలువాతో తుడుచుకుని, మళ్లీ పట్టి, చివరికి తీసి జేబులో పెట్టుకుని, కనిపించని జనంతో "చాలా కోజీగా ఉంది" అన్నాడు. తలుపు తెరుద్దామని ఎవరూ అనలేదు. తెరిస్తే ఆటమ్ పోతుంది.

చివర్లో హాట్ టాడీ. విస్కీ, వేడినీళ్లు, తేనె, నిమ్మరసం, లవంగం. విస్కీ తీసేస్తే మా అమ్మమ్మ జలుబుకిచ్చిన మందుకు దగ్గరి చుట్టం. స్కాట్లాండ్ పానీయమని కుర్రాడు పరిచయం చేశాడు. నిజమే, కానీ ఆ టాడీ అన్నమాట మన తాటిచెట్టుది. హిందీలో తాడీ అంటే తాటికల్లు, ఇంగ్లీషువాడి నోట్లో అది టాడీ అయింది. కల్లు ఇక్కడే వదిలేసి పేరు మాత్రం ఓడెక్కించాడు. దాంట్లోకి పోసిన మేపుల్ సిరప్ కూడా చెట్టు రసమే. మేపుల్ మానుకు నడుమెత్తులో కన్నం పెట్టి, కారిన నీళ్లు దాదాపు నలభై లీటర్లు మరిగిస్తే ఒక లీటరు వస్తుంది. మన గౌడన్న మోకు కట్టుకుని తాడిచెట్టు చివరిదాకా ఎక్కాలి. జారితే ప్రాణం పోతుంది. ఎన్ని తరాలు అలా రాలిపోయాక సేఫ్టీ కిట్లు మొదలయ్యాయో తెలుసా? 2024లో.

తొమ్మిదిన్నరకు కారు అడ్డం తీయించమని చెప్పడానికి వాచ్‌మన్ లోపలికొచ్చాడు. సెక్రటరీ గారు ముక్కు ఎగబీల్చారు. చేతిలో మూడో టాడీ.

"తాగావా?"

"జరంత కల్లు సార్. బామ్మర్ది ఊరికెళ్లి తెచ్చిండు. పండుగ గదా."

"డ్యూటీలో తాగుతావా? ఫ్యామిలీస్ ఉండే చోటు ఇది. రేపు ఖాళీ చెయ్."

గదంతా నిశ్శబ్దం. నలభై నోళ్ల నుంచి దాల్చినచెక్కా విస్కీ వాసన. నేను కూడా గ్లాసు పట్టుకునే ఉన్నాను, నోరెత్తలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

డ్యూటీ అట! అతనికి డ్యూటీ లేని గంట ఏది? సెల్లార్‌లో కరెంటు మీటర్ల పక్కన కాపురం, రాత్రి రెండింటికి హారన్ కొడితే లేచి గేటు తీయాలి, పండక్కి ఊరికి పంపలేదు. మీరు వేడినీళ్లలో కలుపుకుని తాగితే వర్క్‌షాప్, అతను వాళ్ల ఊరి ఈతచెట్టు కల్లు గ్లాసుడు తాగితే తాగుబోతు. అతను ప్రాణాలతో నిలబడి ఉన్నది కూడా అది ఊరి కల్లు కాబట్టే. అంతకు మూడు నెలల ముందు, జులైలో, ఇదే నగరంలో కూకట్‌పల్లి వైపు దుకాణాల్లో కల్తీ కల్లు తాగి కూలీనాలీ చేసుకునేవాళ్లు చచ్చిపోయారు, పదులమంది ఆస్పత్రుల్లో పడ్డారు. కల్లులో అల్ప్రాజోలం, నిద్రమాత్రల మందు, కలిపే దొంగలు ఏళ్లుగా ఉన్నారు. ఆ వారం మన గ్రూపులో ఒక్క మెసేజ్ వచ్చిందా? వచ్చింది. స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ ఎక్కువైందని.

వాచ్‌మన్ వాళ్లు ఆదివారం పొద్దున ఆరింటికే వెళ్లిపోయారు. రెండు సంచులు, ఒక గ్యాస్ పొయ్యి, స్కూలు బ్యాగు తగిలించుకున్న పిల్ల. క్లబ్‌హౌస్ ఊడ్చేది అతని భార్యే. పదకొండింటికి గ్రూపులో సెక్రటరీ గారి మెసేజ్ వచ్చింది, కింద ఫొటోతో: "క్లబ్‌హౌస్‌లో ఆకులు ఇంకా ఎత్తలేదు. ఎవరైనా చూడగలరు."