మన నల్లగొండలో వాడపల్లి సిమెంటు సరే, ఎముకల సిమెంటు సంగతేంటి?

మా చిన్నమ్మ కొడుకు బైక్ మీంచి పడితే మోకాలి కింద ఎముక నుజ్జయింది. ఆ గుంత పూడ్చడానికి డాక్టర్లు తుంటి ఎముక గీకి తెచ్చి పెట్టారు. కాలు బాగైంది. ఏడాదైనా పక్కకు ఒత్తిగిలితే మాత్రం, "అన్నా, కాలు కాదు, తుంటి గుంజుతుంది" అంటాడు.

ఇలాంటి గుంతల కోసమే కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటు ఉంది. 1980ల్లో అమెరికాలో దంత పరిశోధకులు బ్రౌన్, చౌ కనిపెట్టారు. 1996లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. పొడిని ద్రవంతో కలిపి పేస్టులా నింపితే ఒంటి వేడికే గట్టిపడుతుంది. కీళ్ల మార్పిడిలో వాడే యాక్రిలిక్ సిమెంటులా కాగిపోదు. చివరికి హైడ్రాక్సీఅపటైట్ అవుతుంది, అంటే దాదాపు మన ఎముకలోని ఖనిజమే. కణాలు దాన్ని మెల్లగా తినేస్తూ ఆ చోట అసలు ఎముక కట్టుకుంటాయి.

ఫ్లోరైడ్ దూరేదీ ఈ ఖనిజంలోకే. బోరు నీళ్లతో ఒంట్లోకి చేరి, ఖనిజంలోని హైడ్రాక్సిల్ అనే భాగాన్ని తోసేసి దాని చోట కూర్చుంటుంది. ఎముక చిక్కబడుతుంది, కానీ పెళుసవుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మన మర్రిగూడలో పక్క నుంచి పిలిస్తే మెడ తిప్పలేక, కర్ర ఊతంతో ఒళ్లంతా తిప్పుకుని చూసే ముసలాయనను మీరూ చూసే ఉంటారు. అలాంటి ఎముకలో ఈ సిమెంటు ఎలా అతుకుతుంది? కణాలు దాన్ని తింటాయా? ఈ ప్రశ్న బోస్టన్‌లో ఎవరికీ నిద్ర చెడగొట్టదు. అడగాల్సింది మనమే.

ముందు మంచినీళ్లు చూడండి, సిమెంటు తర్వాత అంటారు కొందరు. నీళ్లే ముందు, అందులో తగువు లేదు. ఈ సిమెంటు ఫ్లోరోసిస్‌ను, అంటే ఆ ఫ్లోరైడ్ రోగాన్ని, మాన్పదు, బరువు మోసే చోట ఒంటరిగా నిలవదు కూడా. కానీ కృష్ణా నీళ్లు తాగినంత మాత్రాన ఆ ముసలాయన నడుము లేస్తుందా? రేపు జారిపడి ఎముక విరిగితే నల్లా తిప్పి అతికిస్తామా?

అసలు నా మంట వేరే. ఈ సిమెంటులో ఒక పొడి, టెట్రాకాల్షియం ఫాస్ఫేట్, తయారయ్యేది కాల్షియం కార్బొనేట్‌ను ఇంకో ఫాస్ఫేట్‌తో కలిపి 1500 డిగ్రీల దగ్గర కాలిస్తే. కాల్షియం కార్బొనేట్ అంటే వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెర్వు సిమెంటు బట్టీల్లో రోజూ కాలే సున్నపురాయే. వైద్యానికి దాన్ని బాగా శుద్ధి చేయాలి, నిజమే. ఆ శుద్ధి చేసే చదువు మన జిల్లాలో లేకనే బయటివాళ్లు గ్రాముల్లో అమ్ముతుంటే మనం లారీల్లో తోలుతున్నాం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ సొంతంగా ఇలాంటి సిమెంటు తయారు చేసింది. మనకూ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మర్రిగూడ, నాంపల్లి నుంచి వచ్చే ప్రతి విరిగిన ఎముకకూ అక్కడ ఒక పరిశోధన ఫైలు తెరవడానికి ఎన్ని కోట్లు కావాలి? పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటుంది. దాన్ని తయారు చేసింది నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు. మనం ఇచ్చింది రోగం, పేరు.