బడ్జెట్‌లో లేని రెగ్యులేటర్

హైదరాబాద్‌లో అద్దిల్లు మారేవాళ్ళు అడ్వాన్సు, బ్రోకరు, లారీ, హమాలీలు, ఈ నాలుగూ లెక్క కరెక్ట్‌గానే వేస్తారండి, కొంప ముంచేది వాటన్నిటికీ కింద "ఇతర ఖర్చులు" అని రాసే గడి. మా ఎక్సెల్ షీట్‌లో ఆ గడిలో 2,000 ఉండేది. మా ఆవిడ చూసి "ఇది చాలా ఎక్కువ పెట్టారేమో" అంది కూడా.

మలక్‌పేట్ నుంచి నిజాంపేట్‌కి మారాం. ఆఫీసు అటు కాబట్టి పెట్రోలు మిగులుతుంది, ఆ మిగిలిన దాంతో కొత్తింటి అద్దె తేడా కట్టేయొచ్చు అన్నది ప్లాను. అద్దె 24,000, అడ్వాన్సు రెండు నెలలది 48,000. పాతింటి ఓనర్ ఇచ్చే అడ్వాన్సు తెచ్చి కొత్తింటి ఓనర్‌కి ఇచ్చేద్దాం అనుకుంటాం కదా అందరం, కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పాత ఓనరేమో "కొత్తవాళ్ళు దిగాక ఇస్తా, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుని ఇస్తా" అంటాడు, కొత్త ఓనరేమో తాళం చెవి చేతిలో పెట్టకముందే మొత్తం పడాలంటాడు. మధ్యలో మన క్రెడిట్ కార్డు. దానికి తోడు ఆషాఢంలో ఇల్లు మారకూడదు కాబట్టి శ్రావణం దాకా ఆగాం, ఆగినవాళ్ళం మేమొక్కళ్ళమే కాదు కదా, ఊరు ఊరంతా ఆగింది, అందరికీ అవే మంచిరోజులు, అందుకని డీసీఎం లారీ రేటు కూడా శ్రావణ మాసం రేటే. ఆషాఢంలో 9,000 అన్నవాడే 14,000 అన్నాడు. ప్లస్ జీఎస్టీ అన్నది కొటేషన్‌లో ఎక్కడో కింద చీమ తల సైజులో ఉంది.

పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని (రిజిస్ట్రేషన్ గొడవ ఉండదని అందరూ పదకొండే రాసుకుంటారు) ముహూర్తం పెట్టించాం. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసి, సామాన్లు తర్వాత సంగతి, ముందు తెల్లారగట్ల 5:40 లోపు పాలు పొంగించాలి అంది. అద్దింటికి కూడానా అంటే "పాలకేం తెలుసురా అద్దిల్లో సొంతిల్లో" అంది. చెప్పడమే కాదు, పాలు పొంగించడానికి కొత్త ఇత్తడి గిన్నె కొనుక్కుని మరీ బస్సెక్కి వచ్చేసింది.

సరే, ఆ రోజు చీకటితోనే క్యాబ్‌లో దేవుడి పటం, బియ్యం, ఉప్పు, పసుపు కుంకుమ, కొత్త చీపురు, స్టవ్వు పెట్టుకుని మేం దిగాం. సిలిండర్‌ని క్యాబ్ అతను ఎక్కించుకోనంటే దానికి వేరే ఆటో ట్రాలీ, 900, ఇతర ఖర్చులు. అమ్మ ముందు నడిచింది, కుడికాలు పెట్టాం, స్టవ్వు కడిగి బొట్టు పెట్టాం, సిలిండర్ మూత తీశాం. అప్పుడు మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. రెగ్యులేటర్ లేదు.

పాత ఇంట్లో రాత్రి సిలిండర్ విప్పింది మా బావమరిది. వాడేమో "బావా, నేను విప్పి గట్టు మీద పెట్టా, అక్క సర్దింది" అంటాడు. ఆవిడేమో "ముఖ్యమైనవి అన్న డబ్బాలో వేశా" అంటుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మా ఇంట్లో సగం డబ్బాల మీద "ముఖ్యమైనవి" అనే ఉంది. మిగతా సగం మీద "వంటిల్లు", అందులో నా ఆఫీసు ఫైళ్ళు కూడా ఉన్నాయి. ఆ డబ్బాలన్నీ మలక్‌పేట్‌లోనే ఉన్నాయి, టైమేమో 5:15. మెట్రో మొదలయ్యేదే ఆరింటికి. బండి మీద వెళ్ళొచ్చినా గంటన్నర.

బావమరిది తెలివైనవాడు, కేపీహెచ్‌బీలో వాడి రూమ్ పక్కనే, బండేసుకుని వెళ్ళి ఇండక్షన్ స్టవ్ తెచ్చేశాడు. అమ్మ ఇత్తడి గిన్నె దాని మీద పెట్టింది. అది కూ కూ అని రెండుసార్లు అరిచి ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ కూ కూ. ఇండక్షన్‌కి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి, ఇత్తడికి అంటుకోదు, ఈ సైన్సు మా అందరికీ తెలుసు, కాకపోతే 5:25కి గుర్తొచ్చింది. "నా రూమ్‌లో స్టీలు గిన్నె ఉంది, తేనా" అన్నాడు వాడు. "దాంట్లో ఏం వండుతావు?" అంది అమ్మ. వాడు కాసేపు ఆలోచించి "ఎక్కువగా గుడ్లే" అన్నాడు. ఆ దారి అలా మూసుకుపోయింది.

ఇంక సిగ్గు వదిలేసి ఎదురు ఫ్లాట్ బెల్లు కొట్టాను. తెల్లవారుజామున ముక్కూమొహం తెలీనివాడు తలుపు కొట్టి "ఆంటీ, మీ రెగ్యులేటర్ ఒక పది నిమిషాలు ఇస్తారా" అంటే ఎవరైనా తలుపేసుకుంటారు. ఆ మహాతల్లి వెయ్యలేదు. డికాక్షన్ దిగింది, పాలు స్టవ్ మీద ఉన్నాయి, అలాగే ఆపేసి రెగ్యులేటర్ విప్పేశారు. కాకపోతే వాళ్ళ స్టవ్వుకీ రెగ్యులేటర్‌కీ ఉన్న ట్యూబు బిగుసుకుపోయి ఊడలేదు, అందుకని రెగ్యులేటరూ, ట్యూబూ, దాని చివర స్టవ్వూ, ఆ స్టవ్వు మోస్తూ అంకులూ అందరూ కలిసి మా ఇంటికొచ్చారు. వెనకాల కాఫీ పాల గిన్నెతో ఆంటీ. మా కడిగిన స్టవ్వు, బొట్టు పెట్టిన స్టవ్వు, ఒక మూలకి జరిగింది.

"వాళ్ళ స్టవ్వు మీద పొంగితే వాళ్ళకే కదా వచ్చేది?" అని మా ఆవిడ నా చెవిలో అంది. అమ్మ విననే వింది. "సిలిండర్ మనది" అని తీర్పు చెప్పేసింది.

లైటర్ లేదన్న విషయం అప్పుడు బయటపడింది, అగరొత్తుల సంచీలో అగ్గిపెట్టె ఉండబట్టి బతికాం. తర్వాత తూర్పు ఎటు అన్న చర్చ. బావమరిది ఫోన్‌లో కంపాస్ పెట్టి సిలిండర్ పక్కన నిలబడ్డాడు, ఆ ఇనుము దగ్గర అది పిచ్చిపిచ్చిగా తిరిగింది. అంకుల్ పదేళ్ళుగా ఈ బిల్డింగ్‌లో ఉంటున్నారట, కిటికీ వైపు చెయ్యి చూపించి అక్కడే నిలబడ్డారు. అందరం గిన్నె వైపే చూస్తున్నాం. చూస్తుంటే పాలు పొంగవు, అందులో మేం తెచ్చింది తొందర్లో దొరికిన టోన్డ్ పాలు. "నీళ్ళు పొంగిస్తున్నావురా" అంది అమ్మ. చివరికి 5:38కి పొంగాయి, తూర్పుకే పొంగాయి, సరిగ్గా అంకుల్ లుంగీ మీదకి. అమ్మ దణ్ణం పెట్టుకుని, ఆయన వెళ్ళాక మాత్రం "లక్ష్మి అటెళ్ళింది" అని రోజంతా అంటూనే ఉంది.

వాళ్ళ కాఫీ కూడా మా ఇంట్లోనే కాచుకున్నారు కాబట్టి టిఫిన్ పెట్టకుండా పంపలేం, పది ప్లేట్ల ఇడ్లీ వడ పార్సిల్, ఇతర ఖర్చులు.

మధ్యాహ్నం డీసీఎం వచ్చింది. వాచ్‌మన్ ఒక కాగితం తెచ్చాడు, షిఫ్టింగ్ చార్జీ 3,000 అసోసియేషన్‌కి కట్టాలి, సామాన్లకి లిఫ్టు వాడకూడదు. లిఫ్టు వాడనివ్వకపోతే ఆ మూడు వేలు దేనికి అని అడిగాను. "లిఫ్టు మెయింటెనెన్స్‌కి సార్" అన్నాడు. హమాలీల మేస్త్రీ మెట్లు చూసి, మా ఆవిడకి వాళ్ళ నాన్న పెట్టిన ఇనప బీరువా చూసి, "సార్, బీరువా ఉందని ముందుగాల చెప్పలే, నాలుగో ఫ్లోర్ అంటే రేటు వేరే ఉంటది" అన్నాడు. బీరువా అమ్మేద్దామా అని అడగడానికి నోరు తెరిచి, మా ఆవిడ మొహం చూసి, 1,500 ఇచ్చేశాను.

ఏసీ కథ ఇంకోటి. విప్పడానికి 800, బిగించడానికి 1,500, ఇవి షీట్‌లో ఉన్నాయి. పాత ఇంట్లో బయటి యూనిట్ గోడ వెనకే ఉండేది. ఇక్కడ అది యుటిలిటీలో పెట్టాలి, అంటే బెడ్‌రూమ్ నుంచి హాలు దాటుకుని వెళ్ళాలి, రాగి పైపు అడుగుల లెక్క. మెకానిక్ టేపు లాగుతుంటే నాకు బీపీ చూస్తున్నట్టే ఉంది. పైగా విప్పేటప్పుడు గ్యాస్ పోయిందట, అది నింపడానికి 2,500. కర్టెన్లు ఒక అడుగు పొట్టి అయ్యాయి. ఓనర్ గోడకి ఒక్క మేకు కూడా కొట్టొద్దన్నాడు కాబట్టి హాల్లో పాతవాళ్ళు వదిలేసిన ఒకే ఒక్క మేకుకి క్యాలెండరు, గడియారం, బండి తాళాలు వారానికొకటి చొప్పున వంతులేసుకుంటున్నాయి.

రెగ్యులేటర్ దొరికింది. బావమరిది హెల్మెట్‌లో ఉంది. రాత్రి ఖాళీ జాగా ఉంది కదా అని ఎవరో అందులో పెట్టి, హెల్మెట్‌ని సంచీలో కట్టేశారు. వాడు ఆ తెల్లారి హెల్మెట్ లేకుండానే ఇండక్షన్ స్టవ్ కోసం వెళ్ళొచ్చాడు, దానికి ఈ-చలాన్ కూడా వచ్చింది. బండి నా పేరు మీదుంది.

ఇప్పుడు సమస్య ఆంటీ గిన్నె. కాఫీ పాలు తెచ్చిన గిన్నె మా దగ్గరే ఉండిపోయింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదంది అమ్మ, పులిహోర పెట్టి ఇచ్చాం. ఆంటీ కూడా ఖాళీ గిన్నె ఉంచుకునే మనిషి కాదు, మాదే అనుకుని ఇంకో గిన్నెలో సున్నుండలు పెట్టి పంపారు, ఆ గిన్నె ఎవరిదో మాకూ తెలీదు వాళ్ళకీ తెలీదు. దానికి బదులుగా బొబ్బట్లు చేస్తానని మా ఆవిడ అరకిలో నెయ్యి రాసిచ్చింది.